ఆట చూచు పెద్దలును, మన కర్తవ్యమును

పాఠశాలల వార్షిక సంచికలలో ఆటగాండ్రను గూర్చి వ్రాయుట వాడుక. పరుగు పందెములో ఎవరు మొదట వచ్చిరి, ఏ జట్టు కప్పు గెలిచెను, ఏ తరగతి వాలీబాలులో ఓడెను అను విషయములు ఏటేట అచ్చగుచున్నవి. ఆట చూచువారిని గూర్చి మాత్రము ఎవరును వ్రాయరు. అందునను నలువది యేబది యేండ్లుగా ఆటలు చూచుచు, కాళ్లలో సత్తువ తగ్గినను కన్నులలో ఆసక్తి తగ్గని వృద్ధ ప్రేక్షకుని గూర్చి యొక్క మాటయైనను కానరాదు. ఈ వ్యాసమున మేము ఆయన పక్షమున కొంత చెప్పదలచితిమి. ఆయనతో కొంత వాదింపను దలచితిమి.

సూర్యాపేటలోగాని కోదాడలోగాని మిర్యాలగూడలోగాని సాయంకాలమున పిల్లలు ఆడు మైదానమునకు పోయినచో ఆయన మనకు కనబడును. ఒక చోట ఆయన బియ్యపు మిల్లులో గుమాస్తాగా పనిచేసి మానుకొన్నవాడు. మఱియొక చోట బస్సు కండక్టరుగా నుండి పింఛను పుచ్చుకొనుచున్నవాడు. వేఱొక చోట రెండెకరముల మాగాణి గల రైతు. వేపచెట్టు నీడను తువాలు పఱచుకొని, చేతికఱ్ఱ ప్రక్కన బెట్టుకొని, ఆట మొదలు కాకమునుపే వచ్చి కూర్చుండును. కూతకు పోయిన బాలుడు ఎవ్వరిని తాకకయే వెనుకకు వచ్చినచో, ఆ బాలునికంటె ముందుగా ఆయనయే తల పట్టుకొనును. ఆట ముగిసిన పిమ్మట "మీ నాయన ఇంతకంటె బాగుగా ఆడెడివాడురా" యని యొక మాట విసరి లేచిపోవును. పిల్లలు ఆయన వెనుక నవ్వుదురు.

ఆ నవ్వు తగదని మా యభిప్రాయము. ఆయన యభిమానము ఊరక పుట్టినది కాదు. ఊరక పోగొట్టుకొనదగినదియు కాదు. దానిని మనము ఆస్తివలె వారసత్వముగా గైకొనవలెను. అయితే ఆస్తితోపాటు అప్పులు కూడ సంక్రమించుట కలదు గదా. కావున ఏది గైకొనవలెనో, ఏది విడువవలెనో యెఱిగి గైకొనవలెను. ఎదుటి జట్టు గొప్పతనమును కూడ జ్ఞాపకముంచుకొను నభిమానమే గైకొనదగినది. తన జట్టు గెలుపును ఎదుటివాని యవమానమును మాత్రమే లెక్కపెట్టునది విడువదగినది. ఈ వ్యాసమున మేము చెప్పబోవునదంతయు ఈ యొక్క మాటకే వివరణము.

ముందుగా ఆ పెద్దల మనస్సులో ఏమి నిలిచియున్నదో చూతము. నేడు డెబ్బది యెనుబది యేండ్లు దాటినవారి బాల్యమున హైదరాబాదు పేరు దేశమంతట మ్రోగినది ముఖ్యముగా ఫుట్‌బాలు వలన. ఆ కీర్తికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీము. 1909లో పుట్టిన యీయన రాజు కాడు, జమీందారు కాడు. నగరములోని పాఠశాలలలో పిల్లలకు చదువు చెప్పిన యుపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్సు కప్పును గెలిచెను. 1950లో ఢిల్లీలోని డ్యూరాండు కప్పును కూడ ఆ జట్టు తెచ్చెను. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో రహీము శిక్షణ నిచ్చిన భారత జట్టు ఇరానును ఓడించి స్వర్ణ పతకము పొందెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. సికిందరాబాదు దగ్గఱి అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాము, గోలు కాచుటలో పేరెన్నికగన్న పీటరు తంగరాజు ఆ కాలపు హైదరాబాదు వీరులే. ఈ పేర్లు మన బాలురలో ఎందఱికి తెలియును? గట్టున కూర్చున్న తాతకు తెలియును. బలరాము 2023 ఫిబ్రవరిలో కాలము చేసినప్పుడు పత్రికలో ఆ వార్త చదివి కంటనీరు పెట్టుకొన్నది అట్టి తాతలే.

1962లో జకార్తాలో జరిగినది మఱియు గొప్ప కథ. ఆ యేటి ఆసియా క్రీడలకు ఇండొనేషియా ప్రభుత్వము ఇజ్రాయేలు, తైవాను దేశములవారిని రానీయలేదు. అది న్యాయము కాదని భారతదేశపు క్రీడాధికారి యొకరు పలుకగా ఆ నగర ప్రజలు మనవారిపై కోపగించిరి. సెప్టెంబరు 4వ తేదిన దక్షిణ కొరియాతో తుది పోటీ జరిగినప్పుడు మైదానము చుట్టును నిండిన వేలకొలది జనులు మన జట్టును గేలిచేసిరి. రహీము అప్పటికే పుట్టకురుపు రోగముతో బాధపడుచుండెను. జర్నేలు సింగు తలకు గాయమై కట్టు కట్టించుకొని ఆడుచుండెను. అట్టి స్థితిలో పి. కె. బెనర్జీ ఒక గోలును, ఆ జర్నేలు సింగే ఒక గోలును చేయగా మన జట్టు రెండింటి కొక్కటితో గెలిచెను. అంత జనములో మనవారిని ప్రోత్సహించుచు చప్పట్లు కొట్టిన వారెవరు? పాకిస్థాను హాకీ జట్టువారని ఆ నాటి మన యాటగాండ్రు తరువాత చెప్పుకొనిరి. ఆ క్రీడలలోనే హాకీ తుది పోటీలో మనలను ఓడించిన జట్టది. హాకీలో శత్రువులు ఫుట్‌బాలులో మిత్రులైరి. రహీము మఱుసటి యేడు, 1963 జూన్ నెలలో మరణించెను.

చదువరులారా, ఈ కథలో జ్ఞాపకముంచుకొనదగినది స్వర్ణ పతకము మాత్రమేనా? ఆ కథ చెప్పు పెద్దలు "మనము గెలిచితిమి" యని నిలిపివేసినచో సగమే చెప్పినవారగుదురు. "మనలను ఓడించినవారు మనకొఱకు చప్పట్లు కొట్టిరి" అను రెండవ సగమును కూడ చెప్పినచో అది బాలురకు జీవితాంతము పనికివచ్చు పాఠమగును.

ఇక మన మూడు పట్టణములవారి యభిమానమునకు ఒక ప్రత్యేక చరిత్ర కలదు. అభిమానము సాధారణముగా ఊరికో, జిల్లాకో, రాజ్యమునకో కట్టుబడియుండును. మన ప్రాంతమున ఊళ్లు కదలకున్నను హద్దులు పలుమాఱు కదలినవి. 1948 సెప్టెంబరు వఱకు మనము నిజాము రాజ్యమువారము. కోదాడ దాటి తూర్పునకు పోయినచో అది వేఱు రాజ్యము. 1956 నవంబరు 1వ తేదిన ఆ హద్దు చెరిగి ఆంధ్ర ప్రదేశము ఏర్పడెను. 2014 జూన్ 2వ తేదిన అదే చోట మరల హద్దు ఏర్పడెను. 2016 అక్టోబరు 11వ తేదిన నల్లగొండ జిల్లా విడిపోయి సూర్యాపేట వేఱు జిల్లా యయ్యెను. కోదాడ సూర్యాపేటతో చేరెను. మిర్యాలగూడ నల్లగొండతో నిలిచెను. నిన్నటి వఱకు ఒకే జిల్లా జట్టు పక్షమున భుజము భుజము కలిపి ఆడదగిన బాలురు, తెల్లవాఱునప్పటికి ఎదురెదురు జట్లవారైరి.

క్రికెట్టులో ఈ చిక్కు మఱియు విచిత్రమైనది. హైదరాబాదు జట్టు 1937-38లోనే రంజీ ట్రోఫీ గెలిచినది. నవానగరముతో జరిగిన ఆ తుది పోటీలో ఎడ్వర్డు ఐబరా 137 పరుగులు చేసి నిలిచియుండగా ఒక్క వికెట్టు తేడాతో జయము లభించెను. ఆంధ్ర జట్టు 1953-54లో వేఱుగా బయలుదేఱెను. 1956లో రెండు ప్రాంతములును ఒకే రాష్ట్రమైనను ఈ రెండు జట్లు కలియలేదు. ఆ యేబదియెనిమిది యేండ్లును ఒకే రాష్ట్రమునుండి రెండు జట్లు ఒకదానితో నొకటి పోరాడుచునే యుండెను. కోదాడవారికి హైదరాబాదుకంటె విజయవాడయే చేరువ. వియ్యములు అటునుండి, వ్యాపారము ఇటునుండి. అట్టియెడ కోదాడలోని యొక వృద్ధుడు ఎవరి గెలుపు కోరవలెను? హైదరాబాదుదా, ఆంధ్రదా? రాజ్యపు హద్దును బట్టియా, బంధుత్వమును బట్టియా?

ఈ ప్రశ్నకు సమాధానము సి. కె. నాయుడుగారి జీవితములో నున్నదని మేము తలచుచున్నాము. ఆయన తెలుగు కుటుంబమువాడు. 1895లో పుట్టినది నాగపురమున. 1926 డిసెంబరులో బొంబాయిలో ఇంగ్లండునుండి వచ్చిన ఎం. సి. సి. జట్టుపై రెండు గంటలలోపుననే 153 పరుగులు చేసెను. 1932లో ఇంగ్లండులోని లార్డ్సు మైదానమున భారతదేశపు తొలి టెస్టు జట్టునకు నాయకుడయ్యెను. హోల్కరు జట్టు పక్షమునను, హైదరాబాదు జట్టు పక్షమునను ఆడెను. 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి బయలుదేఱినప్పుడు, తనకు 58 ఏండ్ల వయస్సున, దానికిని నాయకుడుగా నిలిచెను. అరువదియొకటవ యేట ఉత్తర ప్రదేశము పక్షమున కూడ ఆడెను. ఇన్ని జట్లు మాఱిన ఆయనను ద్రోహి యని యెవరైన నందురా? ఎక్కడ నిలిచినను ఆ జట్టునకు తన పూర్ణశక్తి నిచ్చెను. ఆటలోని విశ్వాసపాత్రత పటములోని గీతకు కట్టుబడినది కాదు. చేపట్టిన పనిని మనస్ఫూర్తిగా చేయుటకు కట్టుబడినది. కావున కోదాడ తాత హైదరాబాదు గెలుపు కోరినను దోషము లేదు, ఆంధ్ర గెలుపు కోరినను దోషము లేదు. మిర్యాలగూడ బాలుడు బాగుగా ఆడుచుండగా సూర్యాపేటవాడు కండ్లు మూసికొనుటయే దోషము.

పోటీ యనునది చెడ్డదని మేము చెప్పుట లేదు. పోటీ లేని యాట ఉప్పు లేని కూర. సూర్యాపేట జట్టును ఓడింపవలెనను పట్టుదలయే కోదాడ బాలురను తెల్లవాఱుజామున లేపి మైదానమునకు తోలును. అయితే పోటీకి ఎదుటివాడు అవసరము. అతడు లేనిదే మన బలము మనకే తెలియదు. కావున ఎదుటివానిని ద్వేషించుట తన యద్దమును తానే పగులగొట్టుకొనుట వంటిది.

బొంబాయిలో చాల యేండ్లు మతముల పేర జట్లు కట్టి క్రికెట్టు ఆడెడివారు. హిందువులొక జట్టు, ముస్లిములొక జట్టు, పారసీలొక జట్టు, ఐరోపావారొక జట్టు. 1937లో వీరితో "తక్కినవారు" అను పేర నైదవ జట్టు చేరెను. క్రైస్తవులు, యూదులు మొదలగువారు దానిలోనివారు. ఆటను మతముతో ముడిపెట్టుట మంచిది కాదని 1940లో గాంధీగారు స్పష్టముగా ఖండించిరి. 1946లో ఆ పోటీలు నిలిచిపోయెను. నిలిచిపోవుటయే మేలని మేమును అందుము. అయినను ఆ పోటీలలోని యొక యాటను మాత్రము మఱవరాదు.

1943 డిసెంబరు తుది పోటీలో హిందువుల జట్టు నాయకుడు విజయ్ మర్చంటు 250 పరుగులు చేసి అవుటు కాక నిలిచెను; ఆ జట్టు 581 పరుగులు కూర్చెను. తక్కినవారి జట్టు మొదట 133 పరుగులకే కూలిపోయెను. రెండవసారి ఆ జట్టు చేసిన 387 పరుగులలో విజయ్ హజారే యొక్కడే 309 చేసెను. హజారే సాంగ్లీ పట్టణమునకు చెందిన క్రైస్తవుడు, ఒక బడిపంతులు కుమారుడు. అతనితో కూడి 300 పరుగులు పెరుగునంత సేపు నిలిచిన తమ్ముడు వివేక్ చేసినది 21 పరుగులు మాత్రమే. ఇట్లు పోరాడియు తక్కినవారు ఓడిరి. ఎనిమిదేండ్లకు, 1951లో ఢిల్లీలో ఇంగ్లండుపై టెస్టు ఆట జరుగగా ఆ మర్చంటు, ఆ హజారే ఒకే జట్టున, ఒకే సమయమున బ్యాటు పట్టి నిలిచిరి. మర్చంటు 154, హజారే 164. నాడు ఎదురెదురుగా నిలిచినవారు ఆ నాడు ఇద్దఱును కలిసి దేశమునకు పరుగులు కూర్చిరి. 1943 నాటి పోటీలో ఎదుటి జట్టును తిట్టి గొంతు చించుకొన్న ప్రేక్షకునికి 1951లో తన మాటలు తనకే సిగ్గు కలిగించియుండవా? నేటి ప్రత్యర్థి రేపటి సహచరుడు కావచ్చును. ఈ యెఱుక గలవాడే నిజమైన అభిమాని.

ఈ యెఱుక లేనప్పుడు ఏమి జరుగునో చరిత్ర చెప్పుచున్నది. కాన్స్టాంటినోపులు నగరమున రథపు పందెములలో నీలివర్ణపువారు, ఆకుపచ్చవారు అని రెండు పక్షములుండెను. తరతరములుగా వీథులలో కొట్టుకొనుటకు అలవాటుపడిన ఆ పక్షములవారు క్రీ. శ. 532లో చక్రవర్తిపై తిరుగబడిరి. నగరములో చాల భాగము తగులబడెను. తుదకు ఆ పందెపు మైదానముననే సైనికులు సుమారు 30,000 మందిని చంపిరని నాటి చరిత్రకారుడు వ్రాసెను. ఆ నగరము క్రైస్తవ నగరమే. ఆదివారము ఒకే దేవాలయమున మోకరించినవారే మఱునాడు రంగుల పేర కత్తులు దూసిరి. అంత దూరము పోనేల? 1980 ఆగస్టు 16వ తేదిన కలకత్తాలో ఈస్టు బెంగాలు, మోహను బగాను జట్ల యాట చూడవచ్చినవారిలో 16 మంది ప్రేక్షకుల కొట్లాటలోను తొక్కిసలాటలోను ప్రాణములు విడిచిరి. వారు మైదానమునకు బయలుదేఱినప్పుడు ఇంటివారితో సాయంకాలమునకు వత్తుమని చెప్పియుందురు.

ఇక జ్ఞాపకమును గూర్చి పెద్దలతోనే కొంచెము వాదింపవలసియున్నది. జ్ఞాపకము తేనె వంటిది. నిలువయున్న కొలది చిక్కబడును. నాయుడుగారు 1926లో కొట్టిన సిక్సర్లు 11 అని కొందఱు, 13 అని కొందఱు చెప్పుదురు. కొందఱు తాతల నోట ఆ సంఖ్య ఇంకను పెరుగును. 1950లో బ్రెజిలులో జరిగిన ప్రపంచ కప్పు ఫుట్‌బాలు పోటీలకు మన జట్టు అర్హత పొందియు పోలేదు. బూట్లు లేకుండ ఆడనీయమనుటచేతనే పోలేదని పెద్దలు నేటికిని చెప్పుచుందురు. 1948లో లండను ఒలింపిక్సున మనవారు పలువురు వట్టి కాళ్లతో ఆడి ఫ్రాన్సుతో ఒకటికి రెండు గోలులతో ఓడుట నిజమే. కాని ప్రపంచ కప్పునకు పోకుండుటకు దూరప్రయాణము, ఒలింపిక్సునకే ప్రాధాన్యమిచ్చు నాటి అధికారుల దృష్టి మొదలగు వేఱు కారణములు ముఖ్యమైనవని చరిత్రము పరిశోధించినవారు చూపుచున్నారు. "మాకు అన్యాయము జరిగినది" అను కథ వినుటకు ఇంపుగా నుండును. ఓటమికైన, పోకుండుటకైన అది చక్కని మందు. అయినను పిల్లలకు చెప్పునప్పుడు సత్యమే చెప్పవలెను. ఆటకు అంపైరు ఎట్లో జ్ఞాపకమునకు వ్రాతపూర్వకమైన లెక్క యట్లు. పెద్దల కథ వినుము. పిదప పుస్తకము తెఱచి సరిచూడుము. సరిచూచుట అవమానించుట కాదు.

మఱి మన యౌవనులకు చెప్పవలసినది కూడ కలదు. నేటి జట్లలో ననేకము కొనుగోలు జట్లు. డెక్కన్ ఛార్జర్స్ అను క్రికెట్టు జట్టు 2009లో కప్పు గెలిచెను. 2012 తరువాత అది లేనే లేదు. హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టును ఓడించి దేశపు లీగులో విజేత యయ్యెను. 2025లో అది పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. అంగడి ఎత్తివేసినట్లు జట్టును ఎత్తివేయవచ్చునని రహీము కాలపువారు కలలోనైన తలచియుండరు. అమ్మకముననున్న జట్టును ప్రేమింపరాదని మేము చెప్పము. కాని మీ యూరి మైదానమున మీ తోటి విద్యార్థులు ఆడు నాటకు పదిమందియైనను రాక, దూరపు జట్ల యాటను రాత్రి రెండు జాముల వఱకు సెల్‌ఫోనులో చూచుట అభిమానము కాదు, అలవాటు మాత్రమే.

అంతకంటె చెడ్డది పందెము కాయుట. పందెము కాచినవానికి ఏ జట్టును తన జట్టు కాదు. నేడు ఒకరి గెలుపు, రేపు వారి యోటమి కోరును. ఆటలోని యందము వాని కంటికి కనబడదు, అంకెలు మాత్రమే కనబడును. తెలంగాణమున 2017లోను, దేశమంతట 2025లోను డబ్బు ఒడ్డి ఆన్‌లైనులో ఆడు నాటలను నిషేధించుచు చట్టములు వచ్చెను. చట్టము తలుపు మూయగలదు; మనస్సు మూయవలసినవారు తలిదండ్రులును, ఉపాధ్యాయులును.

కొందఱు తలిదండ్రులు మమ్ము అడుగుదురు: "పరీక్షలు దగ్గఱపడుచుండగా ఆటలేల? ఆట చూచుటేల? ముసలివాండ్ర కబుర్లేల?" వారికి మా ప్రత్యుత్తరమిది. ఓడినప్పుడు తల యెత్తి నడుచుట, గెలిచినప్పుడు తల వంచి నడుచుట ఏ పాఠ్యపుస్తకమునను పూర్తిగా నేర్పబడదు. అపొస్తలుడైన పౌలు విశ్వాస జీవితమును పరుగు పందెముతో పోల్చుటకు సంకోచింపలేదు. మఱియు ఓటమిని అనేకమాఱులు చూచి, మరల మఱునాడు అదే గట్టునకు వచ్చి కూర్చుండు వృద్ధునికంటె ఓర్పు నేర్పు గురువు ఎవడు? ఇక్కడ మన యవ్వలను కూడ మఱవరాదు. 2000లో సిడ్నీ ఒలింపిక్సున శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి బరువు లెత్తి కాంస్య పతకము తెచ్చి, ఒలింపిక్సులో పతకము పొందిన తొలి భారత స్త్రీ యయ్యెను. ఆ దినమున టెలివిజను ముందు చేతులు జోడించి కూర్చున్న స్త్రీలు మన యిండ్లలో కలరు. వారికి మైదానపు గట్టున చోటు చూపువారే లేరు.

చోటు అనగానే ఒక బాధాకరమైన విషయము జ్ఞాపకమునకు వచ్చుచున్నది. 2021 మార్చి 22వ తేదిన మన సూర్యాపేటలోనే 47వ జాతీయ జూనియరు కబడ్డీ పోటీలు మొదలగు వేళ, ప్రేక్షకులు కూర్చున్న గ్యాలరీ కూలి నూఱుమందికి పైగా గాయపడిరి. పల్లెలనుండి చెడుగుడు మీద ప్రేమతో వచ్చినవారు ఆసుపత్రులలో చేరవలసివచ్చెను. మన ప్రాంతపువారికి ఆట మీద నెంత యాసక్తి కలదో ఆ జనసమూహమే సాక్ష్యము. ఆ యాసక్తిని కాపాడు బాధ్యత ఆట నడుపువారిపై నెంత కలదో ఆ గాయములు సాక్ష్యము. ఆటగానికి గీత గీయుట ఎంత యవసరమో, చూచువానికి గట్టి నేలపై చోటిచ్చుట అంత యవసరము.

కావున మన మూడు పట్టణముల పాఠశాలలకు మేము మూడు సూచనలు చేయుచున్నాము.

మొదటిది: పాఠశాలల మధ్య పోటీలు జరుగునప్పుడు మొదటి వరుసలో, నీడ యున్న ప్రక్కను, నేలపై గట్టిగా నిలుచు బల్లలు వేసి వృద్ధులకును, వృద్ధ స్త్రీలకును కేటాయింపవలెను. అధికారుల కుర్చీలు వారి వెనుక నుండినను నష్టము లేదు.

రెండవది: తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులు ఏటేట ఒక్కొక్క పెద్ద దగ్గఱకు పోయి, ఆయన చూచిన యొక యాటను గూర్చి అడిగి, కాగితము మీద వ్రాసికొని రావలెను. అడుగవలసిన ప్రశ్నలలో తప్పక ఉండవలసినది యొకటి కలదు: "తాతా, నీ జట్టును ఓడించినవారిలో నీకు మఱపురాని యాటగాడెవరు?" ఈ ప్రశ్నకు వెంటనే పేరు చెప్పగల తాత ధన్యుడు. వ్రాసికొని వచ్చిన దానిలోని సంవత్సరములను, అంకెలను ఉపాధ్యాయుని సహాయముతో గ్రంథాలయమున సరిచూచి, తరువాత ఈ సంచికలో అచ్చువేయవచ్చును. హైదరాబాదు నగర వీరుల కథలు ఎవరో ఒకరు వ్రాయుదురు. కోదాడ, మిర్యాలగూడ మైదానముల కథలు మనము వ్రాయకున్న మఱి యెవరును వ్రాయరు. చెప్పగలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

మూడవది: ఏ పోటీలోనైనను ఎదుటి జట్టు బాలుడు చక్కని యాట ఆడినప్పుడు మన విద్యార్థులు చప్పట్లు కొట్టవలెను. ఇది ఆజ్ఞచేత రాదు, అలవాటుచేత వచ్చును. మొదట ఉపాధ్యాయులు కొట్టినచో పిల్లలు కొట్టుదురు. జకార్తాలో ఓ హాకీ జట్టు చేయగలిగిన పని మూసీ కాలువ క్రిందివారును, సాగరు కాలువ క్రిందివారును ఒకరికొఱ కొకరు చేయలేరా?

గట్టున కూర్చున్న పెద్దలారా, మీకును ఒక విన్నపము. "మీ నాయన ఇంతకంటె బాగుగా ఆడెడివాడు" అను మాట మీరు మానవలదు. అది విని బాలుడు ఇంటికి పోయి తండ్రిని అడుగును, తండ్రి చాల కాలమునకు నవ్వును. కాని దానికి మఱియొక మాట చేర్చుడు: "మీ నాయనను ఆపగలిగినవాడు మిర్యాలగూడ జట్టులో నొక్కడుండెడివాడు." ఆ రెండవ మాటతో మీ జ్ఞాపకము న్యాయమైనదగును. ఆ బాలుడు ఈసారి మిర్యాలగూడ జట్టు వచ్చినప్పుడు, ఆ ఆటగాని మనుమడు దానిలో నున్నాడేమో యని వెదకును. ద్వేషించుటకు కాదు, చేయి కలుపుటకు.